అరువు బాణీ, సొంత గొంతు

ఉత్తర తెలంగాణమున నేడు పాటకు కొదువ లేదు. కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల ప్రాంతముల యువకులు పల్లె బాణీలను సేకరించియు, వాని పోలికను క్రొత్తవి కట్టియు, చిత్రీకరించి యూట్యూబులో వదలుచున్నారు. పొలము గట్టు, చెరువు కట్ట, పాత పెంకుటిల్లు వారికి రంగస్థలములు. డప్పు మ్రోతతో పాటు కీబోర్డు, గిటారు, యంత్రపు తాళము వినిపించును. వేసవిలో పుట్టిన పాట దసరా నాటికి పెండ్లి ఊరేగింపులలో డీజే పెట్టెల నుండి మ్రోగును. మరుసటి వేసవికి దానిని తలచువారు కొలదిమందియే యుందురు.

ఈ పాటలను గూర్చి రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇది పల్లెపాట కాదు, పల్లెపాట వేషము మాత్రమేయని కొందరు పెద్దలందురు. రోకటి దగ్గర, నాటు వేయుచోట, బతుకమ్మ చుట్టు పుట్టిన బాణీలకు యంత్రపు తాళము తగిలించుట కల్తీయని వారి బాధ. పాట బ్రతుకవలెనన్న కాలమునకు తగిన వాద్యమును పట్టక తప్పదని యువకులందురు. తాతలు వాయించిన హార్మోనియము మాత్రము ఈ నేలపై మొలచినదా యని వారు తిరిగి అడుగుదురు. హార్మోనియము ఐరోపా నుండి వచ్చినదను మాట నిజమే గదా!

ఇరువురి మాటలోను కొంత న్యాయమున్నది. కాని ప్రశ్నయే సరిగా పడలేదు. కలుపవచ్చునా, కలుపకూడదా యనునది అసలు ప్రశ్న కాదు. పరాయి సొమ్ము చేతికి రాకముందు, కలుపువాని దగ్గర తనదంటూ ఏమున్నది? అడుగవలసిన ప్రశ్న యిది. దీనికి సమాధానము పాటల పెట్టెలలో కంటె పాఠశాలలలో దొరకును. ఆ సమాధానమునకు కరీంనగరు జిల్లాయే ఒక నిండు జీవితమును ఉదాహరణముగా ఇచ్చియున్నది.

హనుమాజీపేట బాలుడు

వేములవాడకు సమీపమున హనుమాజీపేట యను గ్రామము కలదు. నాడది కరీంనగరు జిల్లాలోనిది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. అక్కడ 1931 జూలై 29న సింగిరెడ్డి నారాయణరెడ్డి జన్మించిరి. తండ్రి మల్లారెడ్డి, తల్లి బుచ్చమ్మ. 'సినారె' అను మూడక్షరములతో తెలుగువారికందరికి పరిచితులైన కవి వీరే. వీరు కావ్యకర్తలు, ఆచార్యులు, చలనచిత్ర గీత రచయితలు. వీనితో పాటు, తాము వ్రాసిన గజళ్ళను తామే రాగముతో సభలలో పాడిన గాయకులు కూడ. పరభాషలో పుట్టిన ఒక రూపమును తెచ్చి తెలుగు గొంతులో నిలిపిన ఈ పనిలోనే వారి జీవితమునకు ఒక తాళపుచెవి యున్నది.

వారి చదువు సాగిన కాలము నిజాము ఏలుబడిది. పాలనాభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. హనుమాజీపేట బాలుడు వీధిబడిలో అక్షరములు నేర్చి, సిరిసిల్లలో మాధ్యమిక విద్య, కరీంనగరులో ఉన్నత పాఠశాల విద్య ముగించి, హైదరాబాదునకు పోయి, చాదర్‌ఘాటు కళాశాలలో ఇంటర్మీడియెటు, ఉస్మానియాలో బి.ఏ. చదివెను. బి.ఏ. వరకు ఆ చదువు ఉర్దూ మాధ్యమముననే సాగినది. నేటి పిల్లవానికి ఇంగ్లీషు ఎట్టిదో నాటి పిల్లవానికి ఉర్దూ అట్టిది. అది కచేరీ భాష, ఉద్యోగపు భాష, నలుగురిలో గౌరవము తెచ్చు భాష.

ఇట్టి చదువు చదివినవాడు తెలుగు కవి యెట్లయ్యెను? ఇందులకు మూడు కారణములు కనబడుచున్నవి. నేటి ఉపాధ్యాయులు ఆలోచింపవలసినది ముఖ్యముగా వీనిని గూర్చియే.

మొదటిది ఊరు. హరికథలు, జంగము కథలు, జానపద గేయములు ఆ బాలుని చిన్ననాటనే ఆకర్షించినవి. గణములు, యతిప్రాసలు పుస్తకమున చదువక ముందే తెలుగు పలుకు నడక చెవికెక్కినది. ఎక్కడ ఊపిరి నిలుపవలెనో, ఏ మాటను సాగదీయవలెనో, ఏ మాటను విరువవలెనో కథకుని నోట విని నేర్చుకొన్నవాడు దానిని తరువాత మరచుట కష్టము.

రెండవది సమాజము. బడి ఈయని తెలుగును ఈయవలెనని పూనుకొన్న పెద్దలు హైదరాబాదు రాజ్యమున నాడుండిరి. 1901లోనే హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది. 1921లో వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభలోనివారు హేళన చేసిరి. ఆ అవమానము నుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులే లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. నారాయణరెడ్డి హైదరాబాదు చేరు నాటికి ఈ దారి వేయబడియున్నది. భాషా నిలయపు గ్రంథములు చేతికందినవి. ఆధునిక కవులను వారు అక్కడ విస్తారముగా చదివిరి.

మూడవది విశ్వవిద్యాలయము. బి.ఏ. పిమ్మట తెలుగున ఎం.ఏ. చేయుటకు అవకాశము లభించినది. ఆధునిక కవిత్వమునందలి సంప్రదాయములను, ప్రయోగములను గూర్చి వీరు పరిశోధించి 1962లో డాక్టరేటు పట్టము పొందిరి. సంప్రదాయము, ప్రయోగము అను రెండు మాటలు ఒక గ్రంథపు పేరులో ప్రక్కప్రక్కన నిలుచుట యాదృచ్ఛికము కాదు. వారి జీవితమంతయు ఈ రెండింటి నడుమ నడచినది.

కావ్యము, చిత్రము, గజలు

1953లో 'నవ్వని పువ్వు' వెలువడినది. 1957లో 'కర్పూర వసంతరాయలు' గేయకావ్యము. 1970లో వచ్చిన 'మంటలూ మానవుడూ' వచన కవితా సంపుటము. దానికి 1973లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. మానవుని నాయకునిగా, ప్రకృతిని రంగముగా గైకొన్న 'విశ్వంభర' 1980లో వెలువడినది; 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వారికి దక్కినది. విశ్వనాథ సత్యనారాయణ తరువాత ఈ గౌరవము పొందిన రెండవ తెలుగు రచయిత వీరు. పద్యము, గేయము, వచన కవిత అను మూడు వాహికలను నడిపినవారు వేరే లేరని కాదు. కాని మూడింటిలోను ఒకే గొంతు వినిపింపజేసినవారు అరుదు.

1962లో 'గులేబకావళి కథ' చిత్రమునకు పాటలన్నియు వీరే వ్రాసిరి. పిమ్మట దశాబ్దముల పాటు సాగిన ఆ కృషిలో పాటల సంఖ్య మూడు వేలు దాటినది. చిత్రరంగమున కాలిడిన కవి చెడునని తలచు పండితులు నాడును ఉండిరి. సంగీత దర్శకుడు ముందుగా బాణీ ఇచ్చును. కవి దానిలో మాటలు పొదుగవలెను. ఇది కవికి సంకెలయని వారి వాదము. ఉర్దూ కవితా నిర్మాణము నెరిగిన నారాయణరెడ్డికి ఈ సంకెల క్రొత్తది కాదు. గజలు కూడ ముందే కొలత నిర్ణయింపబడిన రూపము గదా. కొలతలో ఇమిడి, కొలతను మరపించుట వారికి అలవాటైన విద్య.

ఇచట గజలు స్వరూపమును కొంచెము విప్పి చూడవలెను. గజలు అనేక ద్విపాదుల మాలిక. ఒక్కొక్క ద్విపాదికి షేరని పేరు; దేని అర్థము దానికే పూర్తియగును. మొదటి షేరును మత్లా యందురు. దాని రెండు పాదములును ఒకే పదముతో, లేక ఒకే పదసమూహముతో ముగియును. మారక తిరిగి వచ్చు ఆ పదమే రదీఫు. రదీఫునకు ముందు వచ్చు అంత్యప్రాస కాఫియా. తరువాతి షేర్లలో రెండవ పాదము మాత్రమే ఈ నియమమును పాటించును. చివరి షేరు మక్తా. అందులో కవి తన నామముద్రను నిలుపును. వినువారు మొదటి పాదము విని, రెండవ పాదమున ఆ తిరిగి వచ్చు మాట యెట్లు వచ్చునో యని ఎదురుచూతురు. కవి ఆ మాటకు ప్రతిసారియు క్రొత్త అర్థము పుట్టించును. గజలులోని ఆనందము చాలవరకు ఈ ఎదురుచూపులోనిదే.

తెలుగున గజలును తొలుత పలికించినవారు దాశరథి కృష్ణమాచార్యులు. గాలిబును వారు తెలుగు చేసిన 'గాలిబ్ గీతాలు' 1961లో వెలువడినది. ఆ దారిలో నారాయణరెడ్డి పెక్కు గజళ్ళు వ్రాసి, హార్మోనియము, తబలా తోడుగా ఊరూర పాడి, పుస్తకము పట్టని వారికి కూడ చేర్చిరి. మక్తాలో 'సినారె' యను నామముద్ర నిలిపిరి.

ఉర్దూ మొక్క తెలుగు నేలలో ఏల నాటుకొన్నది? దానికి ఇచట మూడు పాదులు ముందే త్రవ్వబడి యున్నవి. బతుకమ్మ పాటలో ప్రతి చరణము చివర 'ఉయ్యాలో' అను మాట తిరిగి తిరిగి వచ్చును. రదీఫు అను పేరు వినకనే తెలంగాణపు పడతి దాని చేతలను ఎరుగును. శతకమునందలి మకుటము సైతము ఇట్టి పునరావృత్తియే. ఇక కాఫియా. తెలుగు పద్యమునకు ప్రాస పాదము మొదట రెండవ అక్షరమున నుండును, నిజమే. కాని అంత్యప్రాసను పోతన పద్యములలోను, రగడలలోను తెలుగు చెవి యుగయుగములుగా విన్నది. మూడవది నామముద్ర. అన్నమయ్య పదములలో వేంకటేశ ముద్ర, క్షేత్రయ్య పదములలో మువ్వగోపాల ముద్ర యెరిగిన జాతికి మక్తా వింత కాదు. వీనికి తోడు ఉర్దూ వలె తెలుగు కూడ క్రియను వాక్యము చివర నిలుపు భాష. కనుక ఉర్దూ గజలున రదీఫుగా వచ్చు క్రియాపదము తెలుగున కూడ సహజముగా పాదాంతమున కూర్చుండును.

ఉర్దూ బడిలో చదివినవారు వేలమంది. గజలును విని ఆనందించినవారు ఇంకను ఎక్కువ. కాని ఈ మూడు పాదులను కనిపెట్టగలిగినవాడు రెండు ఇండ్లలోను వెలుగు చూచినవాడు. బతుకమ్మను, పోతనను, పదకవితను ఎరుగనివానికి గజలు పరభాషా వినోదముగానే మిగిలియుండును; లేదా వాని చేతిలో తెలుగు మాటలతో కూడిన ఉర్దూ నకలు అయియుండును.

సముద్రమున కావలి సాక్ష్యము

ఈ సూత్రము కరీంనగరునకు మాత్రమే చెల్లునది కాదు. పరాయి వాద్యము, ఇంటి పాట యను తగవు అరువది యేండ్ల క్రిందట బ్రెజిలు దేశమును కూడ ఉడికించినది. అచటి గాయక కవి జిల్బెర్టో జిల్ చరిత్రము ఇందుకు గొప్ప సాక్ష్యము.

జిల్ 1942లో బాహియా రాష్ట్రపు సాల్వడారు నగరమున జన్మించెను. బాల్యము ఇటువాసు అను లోనాటి చిన్న ఊరిలో గడచినది. ఈశాన్య బ్రెజిలు పల్లెల పాటలను అకార్డియనుపై పలికించి దేశమంతట వినిపించిన లూయిస్ గొంజాగాను విని, తానును అకార్డియను నేర్చెను. పిమ్మట బోసా నోవా వచ్చినది. సాంబా తాళమును మెత్తపరచి, గిటారు మీటుతో, గుసగుసవంటి గొంతుతో పాడు ఈ క్రొత్త రీతి 1958లో జువావ్ జిల్బెర్టో పాటతో లోకమునకు తెలిసినది. జిల్ అకార్డియను దించి గిటారు పట్టెను. పల్లె మొదటిది, పట్టణము రెండవది. మూడవదిగా రాక్ సంగీతము, దానితో విద్యుత్ గిటారు వచ్చినవి.

1967 జూలైలో సావో పావులో నగరమున విద్యుత్ గిటారునకు వ్యతిరేకముగా కళాకారులు ఊరేగింపు జరిపిరి. అది బ్రెజిలు పాటను ముంచివేయు విదేశీ వాద్యమని వారి వాదము. ఆ ఊరేగింపులో జిల్ స్వయముగా నడచెను! అదే సంవత్సరము అక్టోబరులో టెలివిజను పాటల పోటీలో, 'ఓస్ ముటాంటిస్' అను రాక్ బృందమును వెంటనిడుకొని, విద్యుత్ గిటారుల నడుమ పాడి ద్వితీయ స్థానము పొందెను. ఆ పాటకు ఆధారము కపోయిరా పాటల నడక. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన వారి సంతతి నిలుపుకొన్న మల్లక్రీడ కపోయిరా. విద్యుత్ గిటారు దానిని మింగలేదు. దానికి తోడు పలికినది. జిల్, కాయెటానో వెలోసో మొదలగువారు ఇట్లు నడిపిన ఉద్యమమునకు ట్రోపికాలియా యని పేరు.

సైనిక ప్రభుత్వము ఈ పాటలకు జంకినది. 1968 డిసెంబరులో పౌరహక్కులను అణచు శాసనము వెలువడిన కొలది దినములకే జిల్, వెలోసోలను బంధించినది. 1969లో దేశము వెడలించినది. లండనులో తలదాచుకొని వారు 1972లో స్వదేశము చేరిరి. కాలము తిరిగినది. 2003లో జిల్ ఆ దేశపు సంస్కృతి శాఖా మంత్రియై 2008 వరకు పనిచేసెను. పేటలలో, పల్లెలలో ముందే నడచుచున్న పాట, ఆట బృందములకు ప్రభుత్వము చేయూతనిచ్చు పథకమును ఆ కాలమున నడిపించెను. క్రొత్తగా సంస్కృతిని తయారుచేయుట కాక, ఉన్నదానికి నీరు పోయుట ఆ పథకపు లక్ష్యము.

నారాయణరెడ్డి జీవితమున చెరసాల లేదు, దేశబహిష్కారము లేదు. కాని పోలికలు గమనింపదగినవి. ఇరువురును బాల్యమున పల్లెపాట విన్నవారు. ఇరువురును పరాయి రూపమును పెద్దయైన పిమ్మట చేపట్టినవారు. ఇరువురును ప్రజా పదవులను మోసినవారు: నారాయణరెడ్డి సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు, తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 1997లో రాజ్యసభకు నియమితులైరి. 2017 జూన్ 12న వారు కన్నుమూసిరి.

అదిలాబాదు చూపిన దారి

కరీంనగరు గజలును తెచ్చినది. గోదావరి ఆవలి ఒడ్డున అదిలాబాదు మరియొక కలయికను చూపినది. దండేపల్లి మండలము లింగాపురమున 1955లో దళిత కుటుంబమున జన్మించిన గూడ అంజయ్య పరభాషా రూపము జోలికి పోలేదు. కూలి జనము నోట నానిన బాణీని, మాటను తీసికొని, వానిలో 'ఈ ఊరు ఎవరిది?' అను క్రొత్త ప్రశ్నను నింపిరి. 'ఊరు మనదిరా' పాట ఉద్యమములలో, సభలలో, చిత్రమున మ్రోగి, పలు భాషలలోనికి పోయినది. వారు 2016 జూన్‌లో మరణించిరి. నారాయణరెడ్డి క్రొత్త పాత్రలో ఇంటి నీరు పోసిరి. అంజయ్య ఇంటి పాత్రలో క్రొత్త నీరు పోసిరి. ఇరువురికిని ఇల్లున్నది.

అదిలాబాదు మరియొక హెచ్చరికను కూడ ఇచ్చుచున్నది. ఆ అడవులలోని గోండు బిడ్డకు ఇంటి భాష తెలుగు కాదు, గోండీ. 1940లో కుమ్రం భీము నాయకత్వమున జరిగిన పోరాటము పిమ్మట గోండుల స్థితిగతులను పరిశీలించిన హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని చొరవతో 1943లో మార్లవాయి గ్రామమున ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసినది. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు తయారైనవి. తన మాటను బడిలో వినగోరు హక్కు తెలుగు బిడ్డకు ఎంతయో గోండు బిడ్డకు అంతయే. తెలుగు కొరకు వాదించువారు ఈ న్యాయమును మరువరాదు.

బడిలో మిగిలినదేమి?

ఇక నేటి సంగతి. 2018లో తెలంగాణ శాసనసభ ఒక చట్టము చేసినది. దాని ప్రకారము 1 నుండి 10వ తరగతి వరకు అన్ని పాఠశాలలలోను తెలుగు తప్పనిసరిగా బోధింపవలెను. 2022-23 విద్యా సంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ముద్రించిన పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. 2025లో మరియొక ఉత్తరువు వెలువడినది: సి.బి.ఎస్.ఇ. మొదలగు ఇతర బోర్డుల పాఠశాలలలో 9, 10 తరగతులకు 'సింగిడి' వాచకమునకు బదులు సులభతరమైన 'వెన్నెల' వాచకమును వాడవచ్చునని దాని సారాంశము. 2025-26లో 9వ తరగతికి, ఆ మరుసటి యేడు 10వ తరగతికి అని క్రమము.

ఈ నిర్ణయములలో ఏ ఒక్కదానిని దోషమని త్రోసివేయుట న్యాయము కాదు. ఇంగ్లీషు బడి ధనికుని బిడ్డకు మాత్రమే దక్కవలెనని ఎవరు చెప్పగలరు? బీడీలు చుట్టు తల్లి, గల్ఫు దేశమున కూలి చేయు తండ్రి తమ బిడ్డకు ఇంగ్లీషు కావలెనని కోరుట వారి అనుభవము నేర్పిన కోరిక. పరరాష్ట్రము నుండి వచ్చిన బిడ్డకు సులభ వాచకము ఈయుటయు ధర్మమే. నాడు ఉర్దూ మాధ్యమము వలన నారాయణరెడ్డి చెడలేదు. అదియే వారికి రెండవ సంపద యైనది. కనుక ఇంగ్లీషు మాధ్యమము తనంత తానుగా తెలుగునకు మృత్యువు కాదు.

కాని నాటికి నేటికి ఒక భేదమున్నది. నాడు బడి ఈయని తెలుగును ఊరు ఇచ్చినది. సాయంకాలము జంగము కథ యుండెను, హరికథ యుండెను, పని చోట పాట యుండెను. నేడు నాటు వేయు యంత్రము పాడదు. కథకులు తగ్గిరి. సాయంకాలము సెల్‌ఫోనుది. ఊరు చేసిన ఉపకారము నేడు బడియే చేయవలసి యున్నది. సరిగా అదే సమయమున బడిలో తెలుగు పలుచనగుచున్నది. రెండు వైపులనుండియు ఒకేసారి నీరు తగ్గుట నేటి అపాయము. పిల్లవానికి ఇంగ్లీషు వచ్చును, రాక్ సంగీతము వచ్చును, కొరియా పాట కూడ వచ్చును. వానిని నాటుటకు వానికి పాదు ఎక్కడ?

యూట్యూబు పాటల విషయమున పెద్దల అసంతృప్తికి మూలము కూడ ఇదియే. వానిలో కొన్ని గట్టివి. పాడినవారికి ఇంటిలో విన్న బాణీ, మాట తెలిసియున్నవి. మరికొన్ని నాలుగు మాటలను, ఒక తాళమును తిరుగవేసినవి. రెండింటిలోను వాద్యములు ఒకటే, యంత్రము ఒకటే. భేదము పాడువాని వెనుకనున్న భాషలో నున్నది. గిటారును నిషేధించి ఈ భేదమును పోగొట్టలేము. గిటారునకు వ్యతిరేకముగా నడచిన జిల్ మూడు నెలలకే దానిని తోడు చేసికొనుట ఇచట జ్ఞాపకమునకు తెచ్చుకొనదగును.

ఉపాధ్యాయుల చేతిలో పెద్ద నిధులు లేవు. తెలుగు గంట ఉన్నది. ఆ గంటలో చేయదగినవి కొన్ని కలవు. దసరా సెలవులకు ముందు ప్రతి విద్యార్థియు ఇంటిలోని అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి ఒక పాటను వ్రాసి తీసికొనిరావలెను. పాడినవారి పేరు, ఊరు, ఆ పాటను ఎవరి నోట నేర్చినారను సంగతి దాని క్రింద వ్రాయవలెను. పేరు వ్రాయుట అప్రధానము కాదు. ఎవరి పాటయో తెలియక పోవుట వలననే నేడు పల్లెపాటల హక్కులపై తగవులు లేచుచున్నవి. అటుపై ఆ పాటలను తరగతిలో పాడించి, ఏ మాట తిరిగి వచ్చుచున్నదో, ఏ అక్షరము ప్రాసగా కుదిరినదో పిల్లలచేతనే చెప్పింపవలెను. పై తరగతుల వారికి దాని ప్రక్కనే గజలు నిర్మాణము చూపవచ్చును. 'ఉయ్యాలో'ను ఎరిగిన పిల్ల రదీఫును ఒక్క పీరియడులో గ్రహించును. ఇంగ్లీషు పద్యమునందలి అంత్యప్రాసను కూడ ఆ పిల్ల అటుపై తన కాఫియాతో పోల్చి చూడగలదు. ఛందస్సు పరీక్షకు మాత్రమే కాదని, పాట కట్టుటకని అప్పుడు తెలియును.

విద్యార్థులు చేయదగినదియు కలదు. గిటారు నేర్చుకొనుట తప్పు కాదు. యంత్రపు తాళమున పాట కట్టుట తప్పు కాదు. కాని పది పరాయి పాటలు నేర్చువాడు రెండు పోతన పద్యములు, రెండు బతుకమ్మ పాటలు, ఒక గజలు నోటికి నేర్చియుండవలెను. ఇవి బరువు కావు. చేతికి వచ్చిన క్రొత్తదానిని నిలుపుటకు కావలసిన చోటు.

హనుమాజీపేట నుండి ఉర్దూ బడికి పోయిన బాలుడు తిరిగి వచ్చునప్పుడు గజలును తెలుగు చేసి తెచ్చెను. నేడు అదే పల్లెల నుండి వేలమంది బాలబాలికలు ఇంగ్లీషు బడికి పోవుచున్నారు. వారు తిరిగి వచ్చునప్పుడు ఏమి తెత్తురను దానికి మంత్రులు, చట్టములు కొంతవరకే బాధ్యులు. వారమునకు కొన్ని గంటలు ఆ పిల్లల ఎదుట నిలుచు తెలుగు ఉపాధ్యాయుడు మిగిలిన దానికి బాధ్యుడు. ఆ గంట సంఖ్యలో తగ్గకుండ చూచుట ప్రభుత్వపు విధి. పసలో తగ్గకుండ చూచుట ఉపాధ్యాయుని విధి.